12 కిలోమీటర్లే తవ్వి 6,371 కిలోమీటర్ల సంగతి ఎలా చెప్తున్నారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ అబ్బాయి తొమ్మిదో తరగతి. సోషల్ పుస్తకంలో భూమిని కోసి చూపించిన బొమ్మ చూసి, "మనిషి తవ్విందే 12 కిలోమీటర్లు అంటున్నారు, మరి 2,900 కిలోమీటర్ల కింద ద్రవం ఉందని, 5,150 కింద మళ్ళీ గట్టిగా ఉందని ఎవరు చూసొచ్చారు నాన్నా" అని అడిగాడు. ఇదంతా ఊహేనా, పైగా కింద అంతా లావా అయితే పైన మనం ఎలా నిలబడ్డాం అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. ఊహ కాదు. మనుషులెవరూ వెళ్ళి రాలేదు కానీ భూకంప తరంగాలు రోజూ వెళ్ళి వస్తున్నాయి. అవి ఎక్కడ బయలుదేరాయో, ఎన్ని నిమిషాలకు ఎక్కడ తేలాయో, ఏ చోట అసలు తేలలేదో లెక్కవేస్తే లోపలి హద్దులు బయటపడతాయి. కింద అంతా లావా కూడా కాదు. మన కాళ్ళ కింద దాదాపు 2,900 కిలోమీటర్ల దాకా ఉన్నది రాయే, గట్టి రాయి. కరిగినది అక్కడక్కడా కొంచెమే. నిజమైన ద్రవం దాని కింద మొదలవుతుంది, అది కూడా లావా కాదు, కరిగిన ఇనుము.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళు భూకంప రికార్డులు చదివే పనిలో ఉన్నాను. డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద సూది గీసే రోజుల నుంచి అన్నీ కంప్యూటర్‌లోకి వచ్చేదాకా. కాబట్టి పుస్తకంలో ఉన్న వరసలో కాకుండా రికార్డు ముందు కూర్చున్నవాడికి ఇది ఎలా కనిపిస్తుందో ఆ వరసలో చెప్తాను, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

తవ్వకం సంగతి మొదట తేల్చేద్దాం. మీ అబ్బాయి విన్నది రష్యాలోని కోలా బోరు గురించి. 1970లో మొదలుపెట్టారు, 1989కి 12,262 మీటర్లు దిగారు. అడుగున 100 డిగ్రీల వేడి ఉంటుందనుకుంటే 180 వచ్చింది. ఆ వేడికి, ఒత్తిడికి రాయి మెత్తబడి బొరియ మూసుకుపోవడం మొదలైంది, ఆపేశారు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు, అందులో ఇది 0.2 శాతం కూడా లేదు. అక్కడి పై పొర కూడా పూర్తిగా దాటలేదు, మూడో వంతు దిగారు అంతే. మనుషులు స్వయంగా దిగింది ఇంకా తక్కువ. మన పక్కనే కోలార్ బంగారు గనుల్లో 3.2 కిలోమీటర్ల లోతు దాకా దిగి పనిచేశారు. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటేది, చల్లగాలి కిందికి పంపితే తప్ప మనిషి నిలవలేడు. కాబట్టి తవ్వి తెలుసుకోవడం అనే దారి మొదటి అడుగులోనే మూసుకుపోయింది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. చాలామంది "కిలోమీటరుకు 25 డిగ్రీలు పెరుగుతుంది" అన్న లెక్క పట్టుకుని లోపలికి గుణించుకుంటూ పోతారు. అలా చేస్తే భూమి మధ్యలో లక్షన్నర డిగ్రీలు దాటాలి! అలా ఉండదు. ఆ రేటు పై పొరకే. కిందికి వెళ్ళాక రాయి నెమ్మదిగా కదులుతూ వేడిని తానే మోసుకెళ్తుంది కాబట్టి కిలోమీటరుకు ఒక డిగ్రీ కూడా పెరగదు. పై పొరలో కూడా అన్నిచోట్లా ఒకే రేటు కాదు. మన దక్షిణాదిలో పాత రాతి నేల కాబట్టి చాలా తక్కువ, అందుకే కోలార్‌లో అంత లోతు దిగగలిగారు.

ఇప్పుడు అసలు విషయం.

భూకంపం వస్తే ముఖ్యంగా రెండు రకాల తరంగాలు లోపలికి దిగుతాయి. పీ తరంగం రాయిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోతుంది, శబ్దం లాంటిదే. ఎస్ తరంగం రాయిని పక్కకు ఊపుతూ పోతుంది. పీ వేగం ఎక్కువ, మన గ్రానైట్‌లో సెకనుకు 6 కిలోమీటర్లు, ఎస్ మూడున్నర. అందుకే ఎప్పుడూ పీ ముందొస్తుంది. దగ్గరి భూకంపాలకు మేము వాడే నోటిలెక్క ఒకటుంది, రెండింటి మధ్య సెకన్లను 8తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది గుర్తుందా, హైదరాబాద్‌లో కూడా ఫ్యాన్లు ఊగాయని అందరూ వీడియోలు పెట్టారు. 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంటే పీ వచ్చాక దాదాపు 25 సెకన్లకు ఎస్ వస్తుంది. మొదటి చిన్న వణుకు చాలామందికి తెలియదు, రెండోదానికే లేచి కూర్చుంటారు.

కీలకం ఇదే: ఎస్ తరంగం ద్రవంలో పోలేదు. నీళ్ళను నొక్కితే అవి తిరిగి నెడతాయి, కాబట్టి పీ పోతుంది. పక్కకు ఊపితే నీళ్ళు జారిపోతాయి తప్ప తిరిగి లాగవు, కాబట్టి ఎస్ అక్కడే చస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం సబ్జెక్టు వచ్చినట్టే.

2011 మార్చి 11 జపాన్ భూకంపం తీసుకోండి. హైదరాబాద్‌కు అది 59 డిగ్రీల దూరం (భూమి కేంద్రం దగ్గర చేసే కోణం, ఒక డిగ్రీకి నేల మీద 111 కిలోమీటర్లు). పీ పది నిమిషాల్లో వస్తుంది, ఎస్ పద్దెనిమిది నిమిషాల్లో. రెండూ శుభ్రంగా కనిపిస్తాయి. అంటే జపాన్‌కూ మనకూ మధ్య ఆ తరంగాలు దిగి లేచిన లోతంతా ఘనమే అన్నమాట.

2010 ఫిబ్రవరి 27 చిలీ భూకంపం, 8.8. మన దగ్గర్నుంచి దాదాపు 148 డిగ్రీలు, భూగోళానికి ఇంచుమించు అవతలి వైపు. మన టైము 12.04కి అక్కడ నేల కదిలితే 12.24కి ఇక్కడ పీ వచ్చింది. తిన్నగా లెక్కేసినా 12 వేల కిలోమీటర్లు దాటిన దారి 20 నిమిషాల్లో! కానీ తిన్నగా ఆ దారినే రావాల్సిన ఎస్ ఎంత వెతికినా ఉండదు. ఆ దారిలో మధ్యన ఏదో ద్రవం ఉండబట్టే. (కొంచెం తెలిసినవాళ్ళు ఇక్కడ అడ్డు తగులుతారు, చిలీ రికార్డులో కూడా ఎస్ లాంటివి ఉంటాయి కదా అని. ఉంటాయి. కొన్ని ద్రవం అంచు దగ్గర పీగా మారి, దాటాక మళ్ళీ ఎస్‌గా మారి వస్తాయి. వాటి టైము వేరు, కాబట్టి పట్టుకోవచ్చు.)

ఇక అమెరికా. మన తెలుగువాళ్ళకు ఇది చెప్తే భలే ఆశ్చర్యపోతారు. అలాస్కా ఒక్కటి వదిలేస్తే, అమెరికా మొత్తం హైదరాబాద్‌కు పీ తరంగాల నీడలో ఉంది. సియాటిల్ 112 డిగ్రీలు, న్యూజెర్సీ 117, కాలిఫోర్నియా 125, డాలస్ 130. భూకంపం నుంచి 104 డిగ్రీల దాకా పీ మామూలుగా వస్తుంది. ఆ 104 దగ్గర వచ్చే కిరణం లోపలి ద్రవగోళం అంచును రాసుకుంటూ వచ్చినది. అంతకంటే లోతుగా దిగింది ఆ గోళంలోకి పోతుంది. అక్కడ పీ వేగం సెకనుకు 13.7 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 8కి పడిపోతుంది కాబట్టి దారి లోపలికి వంగిపోయి, 140 డిగ్రీలు దాటాకే బయటికి తేలుతుంది. మధ్యలో ఉన్న ఊళ్ళకు నేరుగా పీ రాదు. అంచు వెంట వంగి వచ్చే బలహీనమైనది కొంత ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ అదీ మాసిపోతుంది. అందుకని కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చిందని ఫోన్లు మోగుతున్నప్పుడు కూడా మా రికార్డులో మొదటి పదిహేను నిమిషాలూ పెద్దగా ఏమీ ఉండదు. ఆ తర్వాత మధ్యలో నేలకు తగిలి మళ్ళీ దిగి వచ్చినవి, నేల ఉపరితలం వెంట వచ్చేవి మొదలవుతాయి.

నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిస్తే ఆ గోళం ఎంత పెద్దదో జామెట్రీతో వచ్చేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త బెనో గూటెన్‌బర్గ్ 1914లోనే 2,900 కిలోమీటర్ల లోతు అని తేల్చాడు. ఇవాళ్టి లెక్క 2,891. వందేళ్ళ కిందట మసి పట్టించిన కాగితం మీద గీతలు చూసి చెప్పిన అంకెకీ, ఇప్పుడు వేల డిజిటల్ స్టేషన్లతో వచ్చిన అంకెకీ తేడా 9 కిలోమీటర్లు. ఊహ అంటే ఇలా కుదరదు కదా.

ఇందులో మన దేశం వాటా కూడా ఉంది, పుస్తకాల్లో రాయరు. 1897 జూన్ 12న అస్సాం ప్రాంతాన్ని కుదిపేసిన మహా భూకంపాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ అనే ఆయన పరిశీలించాడు. ఆ భూకంపం యూరప్‌లో నమోదైన రికార్డులు చూసే, తరంగాల్లో పీ, ఎస్, ఉపరితల తరంగాలు అని మూడు వేర్వేరుగా వస్తున్నాయని గుర్తించాడు. ఆ పనినే పొడిగించి 1906లో భూమికి వేరే పదార్థంతో ఒక కేంద్రకం ఉండాలని రాశాడు.

మరి నీడలో నిజంగా ఏమీ రాదా అంటే, అక్కడే అసలు కథ ఉంది. 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం రికార్డులు డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమాన్ చూస్తుంటే, నీడలో ఉండాల్సిన స్టేషన్లలో చిన్న చిన్న పీ గీతలు కనిపించాయి. మిగతావాళ్ళు వాటికి వేరే కారణాలు చెప్పుకున్నారు. ఆవిడ మాత్రం ద్రవగోళం లోపల ఇంకో గోళం ఉండి, దానికి తగిలి ఇవి పక్కకు మళ్ళుతున్నాయని 1936లో రాసింది. అదే ఇన్నర్ కోర్. ఈ రోజుకీ కాలిఫోర్నియా భూకంపం వస్తే హైదరాబాద్ రికార్డులో 19 నిమిషాల ప్రాంతంలో ఆ చిన్న గీత కోసం చూడొచ్చు. 2019 జులై 6 ఉదయం మన టైము 8.50 అప్పుడు అక్కడ రిడ్జ్‌క్రెస్ట్‌లో 7.1 వచ్చింది, అంటే 9.09 ప్రాంతంలో వెతకాలి. రాళ్ళ క్వారీ పేలుళ్ళు, లారీలు, బోరు బండ్లు మొదలవకముందు అయితే పని తేలిక. బంగాళాఖాతంలో తుపాను ఉంటే ఇంక చెప్పక్కర్లేదు, సముద్రపు అలల చప్పుడే నేలను వణికిస్తూ ఉంటుంది, చిన్న గీతలన్నీ అందులో మునిగిపోతాయి.

ఆ లోపలి గోళం గట్టిదని తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1960 మే 22న చిలీలో 9.5 వచ్చింది, కొలిచిన వాటిలో అదే అతి పెద్దది. ఆ దెబ్బకు భూమి మొత్తం మోగడం మొదలైంది, ఒక్కో ఊపు 54 నిమిషాలు పట్టే కదలిక కూడా దొరికింది. అలాంటి మోతల కాలాలు లెక్కలతో సరిచూస్తే, మధ్య గోళం గట్టిగా ఉంటేనే సరిపోతున్నాయని 1971లో తేల్చారు.

ఇక్కడ మీ అబ్బాయి తప్పక అడుగుతాడు, లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంటే పైన కరిగిన ఇనుము కింద ఎందుకు గట్టిపడింది అని. ఒత్తిడి వల్ల. మధ్యలో ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 36 లక్షల రెట్లు. ఒత్తిడి పెరిగితే ఇనుము కరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, అది పెరిగే వేగం అక్కడి వేడి పెరిగే వేగం కంటే ఎక్కువ. 5,150 కిలోమీటర్ల దగ్గర కరిగే ఉష్ణోగ్రత గెలుస్తుంది, అక్కడి నుంచి ఘనం. భూమి చల్లారేకొద్దీ ఈ గోళం నెమ్మదిగా పెరుగుతోంది, ఏడాదికి ఒక మిల్లీమీటరు లోపే.

ఇనుమే అని ఎలా అంటారు? ఇది వేరే దారి. 1798లో లండన్‌లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్ల మధ్య ఆకర్షణ కొలిచి భూమి సగటు సాంద్రత తీశాడు, నీటికి దాదాపు ఐదున్నర రెట్లు. బంజారాహిల్స్ గ్రానైట్ ముక్క తూకం వేస్తే 2.7 రెట్లే వస్తుంది. అంటే పైన ఉన్నదానికంటే లోపల చాలా బరువైనది ఉండాలి. భూమి తిరిగే తీరు చూసినా బరువు మధ్యకు చేరినట్టే తెలుస్తుంది. అంత బరువు, ఆ తరంగ వేగం, విశ్వంలో అంత విరివిగా దొరికేది అంటే ఇనుము తప్ప ఇంకోటి కుదరదు, కొంచెం నికెల్ కలిపి. ఆకాశం నుంచి పడే ఇనుప ఉల్కల్లో ఉండేది కూడా ఈ మిశ్రమమే. ఒక తిరకాసు ఉంది, బయటి కోర్, అంటే ఆ ద్రవగోళం, సాంద్రత స్వచ్ఛమైన ఇనుము కంటే 10 శాతం దాకా తక్కువ. అందులో గంధకమా, ఆక్సిజనా, సిలికానా, ఏ తేలిక మూలకం ఎంత ఉందన్న గొడవ ఇంకా నడుస్తోంది.

అయస్కాంత క్షేత్రం కూడా సాక్ష్యమే. ఇనుము 770 డిగ్రీలు దాటితే మామూలు అయస్కాంతంగా ఉండలేదు, లోపల వేలల్లో వేడి. కాబట్టి భూమి మధ్యలో పెద్ద అయస్కాంతపు కడ్డీ ఉందని చెప్పే బొమ్మ చెత్త. కరిగిన ఇనుము సుడులు తిరుగుతూ విద్యుత్తు పుట్టిస్తే వచ్చే క్షేత్రం ఇది. అందుకే కుదురుగా ఉండదు. ఉత్తర అయస్కాంత ధ్రువం కెనడా వైపు నుంచి సైబీరియా వైపు జరుగుతూ పోతోంది.

సరే, ఇప్పుడు లావా సంగతి. మన కాళ్ళ కింద ముందు ఉండేది క్రస్ట్, పుస్తకంలో భూపటలం. సముద్రాల కింద 7 కిలోమీటర్లు, ఖండాల కింద సగటున 35–40, హిమాలయాల వెనక టిబెట్ కింద 70. దీని అడుగు హద్దును 1909 అక్టోబర్ 8న జాగ్రెబ్ దగ్గర వచ్చిన భూకంపం రికార్డుల్లో క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరొవిచిచ్ కనిపెట్టాడు. ఒకే భూకంపానికి కొన్ని స్టేషన్లలో రెండేసి పీలు వచ్చాయి. ఒకటి పైపైన వచ్చింది, ఇంకొకటి లోతుకు దిగి, వేగంగా పోయే రాయిలో పరుగెత్తి ముందే చేరింది. ఆ హద్దును మోహో అంటారు, అది ఆయన పేరే.

మన దగ్గర దీన్ని కావాలని కొలిచారు. 1970లలో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు నెల్లూరు జిల్లా కావలి నుంచి అవతలి తీరంలో ఉడిపి దాకా దాదాపు 600 కిలోమీటర్ల పొడవునా నేలలో పేలుళ్ళు జరిపి, వరసగా పరికరాలు పెట్టి, కింద నుంచి తిరిగొచ్చిన తరంగాలు పట్టుకున్నారు. మన దేశంలో ఆ తరహా మొదటి సర్వే అది. మోహో 34 నుంచి 41 కిలోమీటర్ల మధ్య తేలింది. హైదరాబాద్ కింద దాదాపు 33. అంటే హైదరాబాద్ నుంచి పటాన్‌చెరు ఎంత దూరమో ఇంచుమించు ఆ దూరం కిందికి దిగితే మ్యాంటిల్, అంటే క్రస్ట్‌కూ ద్రవగోళానికీ మధ్య ఉన్న రాతి పొర.

మ్యాంటిల్ ద్రవం కాదు, ఎస్ తరంగాలు శుభ్రంగా పోతున్నాయంటేనే గట్టిది. కానీ అది కదులుతుంది, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు. గట్టిది కదలడమేంటని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రోడ్డు పక్కన పడేసిన తారు ముద్దను సుత్తితో కొడితే పెళ్ళలుగా పగులుతుంది, అదే ముద్ద నెల తర్వాత చూస్తే నేల మీద పరుచుకుని ఉంటుంది. రాయి అంతకంటే కోట్ల కోట్ల రెట్లు మొండిది, కానీ దానికి టైము కూడా కోట్ల ఏళ్ళు ఉంది. సెకన్లలో వచ్చి పోయే భూకంప తరంగానికి అది గట్టి రాయి, కోట్ల ఏళ్ళ లెక్కలో మాత్రం జారే పదార్థం. భారత ఫలకం (భూమి పై పెంకులో మన దేశం ఉన్న ముక్క) ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతున్నది ఈ కదలికలో భాగంగానే.

మరి అగ్నిపర్వతాల లావా ఎక్కడిది? వేడి రాయి పైకి లేచినప్పుడు ఒత్తిడి తగ్గి కొంచెం కరుగుతుంది, లేదా సముద్రపు నీళ్ళు కలిసిన ఫలకం కిందికి దిగితే ఆ నీటి వల్ల కొంత కరుగుతుంది. అంతే. 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ లావాలు పరుచుకున్నప్పుడు కూడా జరిగింది ఇదే, కాకపోతే భయంకరమైన మోతాదులో. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి అదే, రాజమండ్రి దగ్గర గోదావరి పక్కన కూడా దాని ముక్క ఉంది. కింద నిండు కుండలాగా లావా ఉండి పొంగింది కాదు.

మ్యాంటిల్ రాయిని చేత్తో పట్టుకోవడం కుదరదా అంటే కుదురుతుంది. వజ్రకరూర్ పేరు విన్నారు కదా, అనంతపురం జిల్లా. అక్కడి కింబర్లైట్ గొట్టాలు (లోతు నుంచి ఎగజిమ్మిన కరిగిన రాయి గట్టిపడినవి) దాదాపు 110 కోట్ల ఏళ్ళ కిందట 150 కిలోమీటర్ల కంటే లోతు నుంచి దూసుకొచ్చినవి, దారిలో మ్యాంటిల్ రాతి ముక్కల్ని, వజ్రాల్ని పట్టుకొచ్చాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వంగి నేల వెతుకుతుంటారే, వాళ్ళు వెతుకుతున్నది మ్యాంటిల్ నుంచి వచ్చిన సరుకు. ఒమన్‌లో పనిచేసే మనవాళ్ళకైతే ఇంకా సులువు. మస్కట్ నుంచి నిజ్వా వెళ్ళే దారిలో గడ్డిపరక మొలవని నల్లటి, ముదురు గోధుమరంగు కొండలు చాలావరకు పాత సముద్రం అడుగున ఉన్న మ్యాంటిలే, ఫలకాలు గుద్దుకున్నప్పుడు నేల మీదికి ఎక్కింది. ఎన్నో ఏళ్ళు ఆ కొండల మధ్యే తిరిగి ఆ సంగతి తెలియకుండా వచ్చేసినవాళ్ళు ఉన్నారు.

మ్యాంటిల్ మధ్యలో 410, 660 కిలోమీటర్ల దగ్గర ఇంకో రెండు మెట్లు ఉన్నాయి. రాయి మారదు, ఒత్తిడికి ఖనిజం అమరిక మారి బిగుసుకుంటుంది. స్కూలు స్థాయిలో వదిలేయొచ్చు.

ఇప్పుడు నా అభిప్రాయం. పుస్తకాలు చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే అన్ని అంకెల్నీ ఒకే గొంతుతో చెప్పడం. లోతులు మాకు బాగా తెలుసు, కొన్ని కిలోమీటర్ల తేడాతో. సాంద్రత కూడా బాగానే తెలుసు. ఉష్ణోగ్రత విషయంలో అంత ధీమా పనికిరాదు. వజ్రాల మధ్య ఇనుప రేణువును నొక్కి లేజర్‌తో వేడిచేసి ల్యాబుల్లో కొలిచి, ఇన్నర్ కోర్ దగ్గర 5,000 నుంచి 6,000 డిగ్రీల మధ్య అంటున్నాం. వెయ్యి డిగ్రీల జాగా ఉంది చూడండి. ఎక్కడైనా "భూకేంద్రం ఉష్ణోగ్రత 5,505" అని చివరి అంకె దాకా రాసి ఉంటే రాసినవాడికి సబ్జెక్టు తెలియదని అనుకోవచ్చు.

టీవీల సంగతి కూడా ఒక మాట. 2023 జనవరిలో "భూమి గుండె తిరగడం ఆగిపోయింది" అని రోజంతా ఊదరగొట్టారు, మా చుట్టాల్లో ఒకావిడ నిజంగానే టెన్షన్ పడి ఫోన్ చేసింది. ఆ పరిశోధన చెప్పింది ఇన్నర్ కోర్ మిగతా భూమితో పోలిస్తే కాస్త ముందుకో వెనక్కో ఉండే తేడా గురించి. అది కూడా భూమితో పాటు రోజుకొక చుట్టు తిరుగుతూనే ఉంది. అలాగే 2014లో "భూగర్భంలో మహాసముద్రం" అని వచ్చింది. బ్రెజిల్ వజ్రంలో దొరికిన చిన్న ఖనిజపు రేణువులో నీటి అంశ ఒక శాతానికి అటూ ఇటుగా ఉంది. అది స్ఫటికంలో బంధించి ఉన్న నీరు, ఈత కొట్టేది కాదు.

మీ అబ్బాయికి ఓపిక ఉంటే ఒక పని చేయించండి. అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ సైట్‌లో ప్రతి పెద్ద భూకంపం టైము, చోటు ఉచితంగా పెడతారు. ప్రపంచంలోని చాలా స్టేషన్ల రికార్డులు కూడా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉంటాయి. మెక్సికోలో 7 దాటిన భూకంపం వచ్చినప్పుడు చూడండి, అది మనకు 145 డిగ్రీల దగ్గర పడుతుంది. సరిగ్గా నీడ దాటగానే కిరణాలు గుమికూడే చోటు కాబట్టి పీ గీత బలంగా వస్తుంది. ఆ రోజుకు దగ్గరలో ఇండోనేషియాది ఒకటి దొరికితే పక్కపక్కన పెట్టి ఎస్ ఎక్కడుందో వెతకమనండి.

పరీక్షకు మాత్రం వాళ్ళ పుస్తకంలో 2,900 అని ఉంటే 2,900 రాయమనండి, 2,891 అని రాస్తే మార్కు ఇస్తారో లేదో నేను హామీ ఇవ్వలేను.